గండిపేటలో చలికాలం పిట్టల్ని చూడాలంటే ఎక్కడ నిలబడాలి?

హాయ్ అండీ. డిసెంబరు వచ్చిందంటే చాలామంది అడిగేది ఒకటే, ఏ చెరువుకి వెళ్తే ఎక్కువ పిట్టలు కనిపిస్తాయి అని. చెరువు సంగతి తర్వాత, ముందు ఏ ఒడ్డున నిలబడాలో తేల్చుకోవాలి. గండిపేటనే తీసుకుందాం. అదేనండీ, ఉస్మాన్‌సాగర్, 1908 మూసీ వరద తర్వాత నది మీద కట్టడం మొదలుపెట్టి 1920లో పూర్తి చేసిన జలాశయం.

మ్యాప్‌లో ఒకసారి చూసుకోండి. మూసీ పడమర నుంచి వస్తుంది, కట్ట తూర్పు కొసన ఉంది, అక్కడ నీళ్లు లోతు. కారు ఆపుకోవడానికి బావుంటుంది కాబట్టి అందరూ అక్కడికే వెళ్తారు, కాసేపు నీటికాకుల్ని చూసి ఇంటికొచ్చేస్తారు. మేత మేసే బాతులకీ, బురదలో ముక్కు గుచ్చి తినే ఉల్లంకి పిట్టలకీ కావాల్సింది మోకాలి లోతు కూడా లేని నీళ్లు, అవి ఎగువన, నది వచ్చి కలిసే వైపు ఉంటాయి.

ఇక ఎండ. ఈ కాలంలో మన దగ్గర సూర్యుడు ఆగ్నేయాన పొడిచి, దక్షిణం మీదుగా పోయి నైరుతిలో దిగుతాడు. కాబట్టి దక్షిణపు ఒడ్డున ఉత్తరం వైపు తిరిగి నిలబడితే దాదాపు రోజంతా వెలుతురు మీ వెనక నుంచే పడుతుంది. ఎదురెండలో చూస్తే ప్రతి బాతూ నల్లబాతే, ఇంక ఏ పుస్తకమూ కాపాడలేదు.

నీటిమట్టం కూడా చూసుకోండి. వానలు బాగా పడి చెరువు నిండితే మనకి సంబరమే గానీ, బురద ఒడ్డు మునిగిపోతుంది కాబట్టి చిన్న పిట్టలు వేరేచోటు వెతుక్కుంటాయి. జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు వెనక్కి తగ్గాక మళ్లీ వెళ్లండి. అప్పటికి మగ బాతులకి అసలు రంగులు కూడా వచ్చేసి ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక.

బైనాక్యులర్ 8×42 చాలు. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 12 రెట్లది కొంటే చెయ్యి వణికి బొమ్మ ఊగిపోతుంది, డబ్బు దండగ. కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కన్నుకి సరిచెయ్యండి, తర్వాత ఎడమకన్ను మూసి కుడివైపు రింగు తిప్పండి, అంతే. పిట్ట కనిపించగానే తల దించి బైనాక్యులర్ వెతుక్కోకుండా, చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి.

బాతుల్లో రంగు కంటే ముందు ముక్కు, తోక చూడండి. పారలాంటి వెడల్పు ముక్కుంటే షొవెలర్. మెడ మీద తెల్లచార, వెనక సన్నగా సాగిన తోక ఉంటే మగ పిన్‌టెయిల్, ఉత్తరాది చలి ప్రాంతాల నుంచి వచ్చిన చుట్టం. ముక్కు చివర పసుపు మచ్చ ఉంటే స్పాట్‌బిల్డ్ డక్, అది ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. ఒళ్లంతా నలుపు, ముక్కూ నుదురూ తెలుపైతే కూట్, దాన్ని బాతుల లెక్కలో కలపకండి. తల వెనక రెండు నల్లపట్టీలున్న బార్‌హెడెడ్ గూస్ కావాలంటే మాత్రం మంజీరా, సింగూరు వైపు వెళ్లండి. హిమాలయాలు దాటి వచ్చే పక్షి అది, ప్రయాణం పెట్టుకోవచ్చు. కాకపోతే మంజీరాలో మొసళ్లున్నాయి, ఫోటో కోసం నీళ్ల అంచుదాకా పోకండి.

గుంపంతా ఒక్కసారిగా లేచిందనుకోండి, బాతుల్ని కాదు, వాటి పైన చూడండి, చాలాసార్లు మార్ష్ హ్యారియర్ అనే వేటాడే గద్ద ఒకటి తిరుగుతూ ఉంటుంది. అలా వాటంతట అవి లేస్తే సరే గానీ, ఎగిరే ఫోటో కోసం రాళ్లు విసరడం, డ్రోన్ ఎగరెయ్యడం దయచేసి వద్దు. అవి మేసి కూడబెట్టుకునే కొవ్వుతోనే తిరిగి వేల కిలోమీటర్లు పోవాలి.

చివరగా, చూసిన పిట్టల లెక్క రాసిపెట్టే ఈబర్డ్ యాప్‌లో మీ లిస్టు పెట్టండి. పెద్ద గుంపైతే పది పిట్టలు ఎంత మేర పట్టాయో చూసుకుని, ఆ కొలతతో మిగతా గుంపుని అంచనా కట్టండి. పేరు తేలని బాతుని "ఏదో బాతు" అని రాసే వీలు కూడా ఆ యాప్‌లో ఉంది, మొహమాటపడకుండా వాడుకోండి.