గీతకీ గీతకీ మధ్య

ప్రిన్సిపాల్ గారికీ, తోటి లెక్చరర్లకీ, పిల్లలకీ నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురు గానీ, ముందు నా గోడు వినండి. సైన్సు దినోత్సవం కదా, రామన్ గారి గురించి మాట్లాడమన్నారు. 1928 ఫిబ్రవరి 28 అని బ్యానర్ మీద రాసే ఉంది, చదువుకోండి. నేను ఒక పెన్సిల్ గురించి చెబుతాను.

ఒక రోజు మా ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్, అదేనండీ, స్కేలు కంటే సన్నగా కొలిచే పరికరాలు, ఉన్న బీరువా తాళంచెవి అటెండరు జేబులో ఊరెళ్లిపోయింది. సరే, తలా ఒక స్కేలు ఇచ్చి, ఒకే పెన్సిల్ చేతులు మారుస్తూ కొలవమన్నాను. అందరూ 7.4 సెంటీమీటర్లు అన్నారు. ఒక్క అమ్మాయి 7.43 రాసింది.

"స్కేలు మీద ఆ మూడు ఎక్కడుందమ్మా?"

"గీత దాటింది సార్. సగం దాకా మాత్రం రాలేదు."

"చూసి రాయమన్నాను, ఊహించి రాయమనలేదు" అని ఎర్రసిరాతో కొట్టేశాను.

చూసింది ఆ పిల్లేనండీ. నేను స్కేలు వైపు తలే తిప్పలేదు. లీస్ట్ కౌంట్, అంటే స్కేలు మీద గీతకీ గీతకీ మధ్య దూరం, ఒక మిల్లీమీటరు అని నోటికి వచ్చు, అంతే.

కొన్నాళ్లకి సుద్దముక్క కోసం పక్క కెమిస్ట్రీ ల్యాబుకి వెళ్లాను. అక్కడ మాస్టారు బ్యూరెట్, అదే ద్రవాన్ని కొలిచే గీతల గాజు గొట్టం, చూపిస్తున్నారు. "గీతలు 0.1 మి.లీ.కి ఒకటి. మధ్యలో ఆగితే 24.35 అని రాయండి. కన్ను మట్టానికి సమంగా ఉండాలి." ఆ అమ్మాయి ముందు వరుసలోనే ఉంది. నా వైపు చూడలేదు. పక్క గదిలో ఒప్పు, నా గదిలో తప్పు! సుద్దముక్క అడక్కుండానే వచ్చేశాను.

ఆ 7.43లో చివరి మూడు, రెండు కావచ్చు, నాలుగు కావచ్చు. ఎనిమిది మాత్రం కాదు. సరిగ్గా గీత మీదే ఆగితే 7.40 అని రాయాలి, ఆ సున్నా కూడా కంటితో చూసిందే. మనమేమో దాన్ని కొట్టేసి, 7.4, 7.4, 7.5ల సగటని కాలిక్యులేటర్ చూపించిన 7.4333333కి రైట్ కొడతాం. ఆ మూళ్లన్నీ ఎవరు చూశారండీ? చెప్పండి, లెక్చరర్లే చెప్పండి!

అన్నట్టు, అంచు అరిగిన స్కేలైతే సున్నా దగ్గర పెట్టకండి. 1 దగ్గర పెట్టి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయండి.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. రెండే నిమిషాలండీ. వెనక బెంచీ బాబూ, ఇదిగో, ఈ పెన్సిల్, ఈ స్కేలు. కన్ను నిటారుగా పెట్టు. పక్కవాణ్ణి అడక్కు. ఎంత? తొమ్మిది పాయింట్ రెండా? సరే, గీత దాటాక?