డిక్కీ లీటర్లు, ఆవకాయ జాడీ, ఒక సైకిల్

[మేడ మీద గది. వెనక గోడకు ఆనించిన సైకిల్. బల్ల మీద పింగాణీ జాడీ, కొలత టేపు.]

నమస్కారం. ఈ వారం కూడా అదే ప్రశ్న వచ్చింది. "సైకిల్ పట్టే చిన్న కారు కొనాలి. అన్నిటికంటే ఎక్కువ లీటర్ల డిక్కీ దేనికుంది?" మొదటి వాక్యం బంగారంలా ఉంది. రెండోది వినగానే నాకు చిరాకు పుడుతుంది.

ఈ ప్రశ్న ఎందుకు పెరిగిందో తెలుసు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన, నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు, కింద నీడ. ఉప్పల్లోనో ఎల్బీ నగర్‌లోనో ఉండేవారికి అక్కడిదాకా తొక్కుకుంటూ వెళ్లడమే ఒక యాత్ర. అందుకే సైకిల్ని కారెక్కించాలి.

ఇక లీటర్ల సంగతి. డిక్కీని కొలిచే పద్ధతుల్లో బాగా వాడేది ఒకటి చెబుతాను. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న దిమ్మెలు తీసుకుంటారు. ఒక్కొక్కటి సరిగ్గా ఒక లీటరు. ఎన్ని పడితే అన్ని లీటర్లు. అంటే ఆ అంకె మీకు చెప్పేది ఇటుకలు ఎన్ని పడతాయనే. మీరు తీసుకెళ్లేది ఇటుకలైతే ఈ వీడియో ఇక్కడే ఆపేయవచ్చు.

[జాడీ చేతిలోకి తీసుకుని]

మా అమ్మమ్మ జాడీ కొనేటప్పుడు ఎన్ని కిలోల ఊరగాయ పడుతుందని చివర్లో అడిగేది. ముందు గాజులతో సహా చెయ్యి లోపలికి పెట్టి అడుగు తాకుతుందో లేదో చూసేది. చెయ్యి దూరని జాడీలో అయిదు కిలోలు పడితే ఎవరికి ఉపయోగం? మీ కారుకు వెనక తలుపు జాడీ మూతి. మీ సైకిల్ హ్యాండిల్ అమ్మమ్మ గాజులు. ఇంతే విషయం. మిగతా వీడియో అంతా దీని మీదే.

ఉదాహరణకు మారుతి డిజైర్ డిక్కీ 382 లీటర్లు. అదే మారుతి వ్యాగన్‌ఆర్ డిక్కీ 341. లీటర్లు చూసి కొనేవారు డిజైర్ దగ్గర ఆగిపోతారు. కానీ డిజైర్‌లో వెనక సీటు మడవదు, డిక్కీ మూతి సన్నం. పెట్టెలు బాగా పడతాయి, సైకిల్ పట్టదు. వ్యాగన్‌ఆర్‌లో తలుపు కప్పు దగ్గర నుంచి పైకి లేస్తుంది, వెనక సీటు ముందుకు వాలుతుంది, కారు ఎత్తు 1,675 మిల్లీమీటర్లు. చూడటానికి అగ్గిపెట్టెలా ఉందని వెక్కిరించేవారు చాలామంది ఉన్నారు. సైకిల్ ఎక్కించే రోజు ఆ అగ్గిపెట్టె విలువ తెలుస్తుంది.

(మన దేశంలో డిజైర్ లాంటి, డిక్కీ విడిగా ఉండే ఈ పొట్టి సెడాన్లు ఇన్ని ఎందుకున్నాయంటే, 2006 నుంచి నాలుగు మీటర్ల లోపు, చిన్న ఇంజను ఉన్న కార్లకు పన్ను తక్కువ. వ్యాగన్‌ఆర్ లాంటి హ్యాచ్‌బ్యాక్‌కు వెనక ఒక పెట్టె తగిలించి, ఎలాగో నాలుగు మీటర్ల లోపలే సర్దేస్తారు. నాకు ఆ ఆకారమే నచ్చదు. అది వేరే వీడియో.)

ఇప్పుడు సైకిల్ని కొలుద్దాం. రోడ్డు సైకిల్ మొత్తం పొడవు సుమారు 1.7 మీటర్లు. ముందు చక్రం తీసేస్తే 1.3 నుంచి 1.4. అంటే చక్రం ఇరుసు దగ్గరి ఒక్క మీట తిప్పడంతో అడుగు పైగా తగ్గిపోయింది. మామిడికాయను ముక్కలు కొట్టకుండా జాడీలో వేస్తామా? ఇదీ అంతే. కొండల సైకిల్, 29 అంగుళాల చక్రాలది అయితే ముందు చక్రం తీసినా ఒకటిన్నర మీటర్లుంటుంది. పైగా హ్యాండిల్ 70 సెంటీమీటర్లు దాటుతుంది. అవి గాజులు కావు, కంకణాలు.

కాబట్టి షోరూముకు వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లి మూడు చోట్ల కొలవండి. తలుపు తెరిచాక మూతి అడుగున వెడల్పు, మధ్యలో ఎత్తు. సీటు వాల్చాక, ముందు సీటు వీపు నుంచి తలుపు దాకా పొడవు. ఇక్కడ ఒక మోసముంది. ముందు సీటును మీరు నడిపేటప్పుడు ఎక్కడ ఉంచుతారో అక్కడే ఉంచి కొలవండి. సేల్స్ అబ్బాయి దాన్ని పూర్తిగా ముందుకు జరిపి "చూశారా సార్, ఎంత చోటో" అంటాడు. ఆరడుగుల మనిషి ఆ సీటులో కూర్చుంటే మోకాళ్లు స్టీరింగు పక్కకు వస్తాయి.

ఇంకా మంచిది, సైకిల్నే తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లాను. షోరూములో అందరూ నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. తీరా ఎక్కించబోతే, మడిచిన సీటు మెట్టులా పైకి లేచి నిలబడింది, చక్రం దానికి తగులుకుంది. ఆ కారు బ్రోచర్‌లో లీటర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. జాడీ అడుగున రాయి ఉందని బ్రోచర్ చెప్పదు కదా.

సీఎన్‌జీ, అంటే గ్యాసుతో నడిచే కారు కొనాలనుకునేవారు ఇది ప్రత్యేకంగా వినండి. మామూలు సిలిండరు డిక్కీలో అడ్డంగా కూర్చుంటుంది. సీటు మడిచినా మధ్యలో రోకలి పెట్టిన జాడీయే. టాటావారు రెండు చిన్న సిలిండర్లు నేల కింద సర్దిన పద్ధతి మెరుగే, కానీ అక్కడ కూడా నేల పైకి వచ్చి మూతి ఎత్తు తగ్గుతుంది. పెట్రోలు బండి కొలతలు చూసి సీఎన్‌జీ బండి బుక్ చేయవద్దు.

నాకు బాగా ఇష్టమైన చిన్న కారు ఇప్పుడు కొత్తగా దొరకదు. హోండా జాజ్. పెట్రోలు ట్యాంకును ముందు సీట్ల కిందికి జరిపారు. దానివల్ల వెనక సీటు అడుగు భాగం సినిమా హాలు కుర్చీలా పైకి లేచే ఏర్పాటు కుదిరింది. నేల నుంచి కప్పు దాకా ఖాళీ, ముందు చక్రం తీసి సైకిల్ని నిలబెట్టే తీసుకెళ్లవచ్చు. మన దగ్గర 2023లో ఆగిపోయింది. పాతది కొనేవారు ఆ సీటు అన్ని వేరియంట్లలో ఉండదని గుర్తుంచుకోండి, లేపి చూశాకే బేరం మొదలుపెట్టండి.

[గడియారం వైపు చూసి]

అయ్యో, సమయం అయిపోతోంది. త్వరగా చెబుతాను.

"ఇదంతా ఎందుకు, వెనక ర్యాక్ తగిలిస్తే పోలేదా?" పోలేదు. వ్యాగన్‌ఆర్ వెడల్పు 1.62 మీటర్లు, కొండల సైకిల్ పొడవు 1.8 పైనే. రెండు వైపులా చక్రాలు బయటికి పొడుచుకొస్తాయి, మెహిదీపట్నం ఆటోల మధ్య ఎలా నడుపుతారో మీ ఇష్టం. నంబరు ప్లేటు, వెనక దీపాలు కప్పేస్తే చలానా వేరు. కప్పు మీద పెడితే బరువు పరిమితి ఉంటుంది, చాలా చిన్న కార్ల పైన కనిపించే రెయిలింగు అలంకారానికే. పైగా సెల్లార్ దారి ఎత్తు మరిచిపోయి దూరారంటే సైకిల్, కప్పు రెండూ పోతాయి. డిక్కీ తలుపు సగం తెరిచి తాడుతో కట్టడమంటారా, జాడీకి వాసెన కట్టినట్టు ఉంటుంది కానీ బండి పొగ లోపలికి వస్తుంది. వద్దు.

లోపల పెట్టేటప్పుడు గేర్లున్న వైపు పైకి ఉండాలి. గొలుసు నూనె సీటుకు అంటకుండా పాత దుప్పటి. రెండు సైకిళ్లయితే మధ్యలో ఇంకో దుప్పటి. సీటు బెల్టుతో ఫ్రేమును కట్టేయండి, లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది మీ వీపు మీదికి వస్తుంది. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) డిస్కు బ్రేకులున్నవారు చక్రం తీశాక బ్రేకు మీట నొక్కవద్దు. ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి చక్రం మళ్లీ దూరదు. ప్యాడ్ల మధ్యలో మడిచిన అట్టముక్క పెట్టండి. పెడల్ తీయాలంటే 15 నంబరు పానా, ఎడమవైపుది మాత్రం మామూలుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. నేను బలం పెట్టి మామూలుగానే తిప్పి ఒకటి పాడు చేశాను, అదిగో, ఆ గోడ దగ్గర ఉన్న సైకిల్‌దే.