చెయ్యి దూరేంత పిడి, లెన్స్‌కి సరిపోయే తొడుగు

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఉదయం 5:30 అయింది. బయట ఇంకా చీకటిగానే ఉంది, కిటికీ అద్దాల నిండా మంచు. మా వారు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నారు, మా అమ్మాయి బూట్లు వేసుకుంటోంది. ఇంకో అరగంటలో పక్షుల కోసం చెరువు దగ్గరికి బయల్దేరతాం. ఈలోపు టేబుల్ మీద పరిచినవి మీకు చూపించేస్తాను. ఇది నా 600 ఎంఎం లెన్స్. ఇది దాంతో పాటు వచ్చిన ఫుట్, అంటే లెన్స్ కింద ఉండే పిడిలాంటి కాలు, ట్రైపాడ్‌కి బిగించేది కూడా దీన్నే. ఇది నేను తర్వాత మార్చుకున్న ఫుట్. ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నది నియోప్రీన్ తొడుగు. ఈ మడతపెట్టింది వాన కవర్.

ఈరోజు వీడియో అంతా వీటి గురించే. లెన్స్ కొనడానికి నెలల తరబడి ఆలోచిస్తాం. దాన్ని చేత్తో ఎలా పట్టుకుని నడుస్తామన్నది మాత్రం ఇంటికి తెచ్చుకున్నాక గానీ గుర్తుకు రాదు. నాకూ అలాగే జరిగింది. మొదట్లో నా దగ్గర 150-600 జూమ్ ఉండేది. దాన్ని కెమెరా బెల్టుకే వేలాడదీసి మెడలో వేసుకుని తిరిగాను, ఫోటో అయ్యాక కెమెరా గ్రిప్ పట్టుకుని నడిచాను. కుడి మణికట్టు నొప్పి మొదలై రెండు నెలలు లెన్స్ ముట్టుకోలేకపోయాను. అందుకే ఈ విషయం ఇంత వివరంగా చెప్పాలనిపించింది.

ముందు బరువుల సంగతి చూద్దాం. సోనీ 200-600 లెన్స్ ట్రైపాడ్ మౌంట్ లేకుండానే 2,115 గ్రాములు. కెనాన్ 600 ఎఫ్/4 రెండో తరం 3,920 గ్రాములు ఉండేది, మూడో తరంలో 3,050కి దించారు. దానికి ఒక కిలో కెమెరా తగిలిస్తే నాలుగు కిలోలు. నాలుగు కిలోలు మోయడం పెద్ద కష్టం కాదు, బజారు సంచిలో అంతకన్నా ఎక్కువే మోస్తాం. కష్టమంతా ఆ బరువు మన చేతికి ఎంత దూరంలో ఉందన్నదాంట్లో ఉంది. పిడి సరిగ్గా బరువు మధ్యలో ఉంటే లెన్స్ చేతికింద నిశ్చింతగా వేలాడుతుంది. పిడి ఐదు సెంటీమీటర్లు పక్కకు జరిగిందంటే అడుగడుగునా అది ముందుకో వెనక్కో వంగాలని చూస్తుంది, దాన్ని ఆపే పనంతా మణికట్టు మీద పడుతుంది. గంట నడిస్తే ఆ తేడా ఏంటో తెలిసిపోతుంది.

అందుకని ఫుట్ కొనేముందు ఇంట్లోనే ఒక పని చేయండి. కెమెరా తగిలించి, హుడ్‌ని, అంటే లెన్స్ ముందు ఎండ పడకుండా పెట్టే గొట్టాన్ని, వాడేటప్పుడు పెట్టినట్టే ముందుకు పెట్టి, టెలికన్వర్టర్ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టి దూరాన్ని ఇంకా దగ్గరగా చూపించే చిన్న లెన్స్) వాడేవాళ్లయితే అది కూడా వేసి, మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి దాని పైన లెన్స్‌ని రెండు వేళ్ల మీద ఆనించి చూడండి. ఎక్కడ అటూ ఇటూ ఒరగకుండా నిలబడుతుందో అక్కడ చిన్న టేపు ముక్క అంటించండి. మీరు కొనే ఫుట్‌లో చెయ్యి పట్టే చోటు ఆ టేపు కిందికి రావాలి. జూమ్ అయితే పూర్తిగా సాగదీసి ఒకసారి, ముడిచి ఒకసారి చూడాలి. కొన్ని జూమ్‌లలో గొట్టం బయటికి సాగదు కాబట్టి బరువు పెద్దగా జరగదు. సాగే వాటిలో మాత్రం బాగా ముందుకెళ్తుంది.

ఇప్పుడు ఈ రెండు ఫుట్‌లు చూడండి. కంపెనీది నున్నగా, అందంగా ఉంది. కానీ దీనికీ లెన్స్ గొట్టానికీ మధ్య సందు చూశారా? ఉత్త చేత్తో అయితే నాలుగు వేళ్లూ దూరుతున్నాయి. గ్లవ్స్ వేసుకుంటే మాత్రం మూడే, అవీ ఇరుక్కుంటున్నాయి. ఇక్కడి చలికాలంలో గ్లవ్స్ లేకుండా కుదరదు. రెండోదాంట్లో సందు ఎక్కువ, అంచులు గుండ్రంగా ఉన్నాయి, వేళ్ల కింద రబ్బరు పట్టీ ఉంది. దీని అడుగున ఆర్కా-స్విస్ గాడి, అంటే ట్రైపాడ్ హెడ్ మీది క్లాంప్‌లో నేరుగా జారి బిగుసుకునే ఆకారం, కూడా కోసి ఉంది కాబట్టి వేరే ప్లేటు బిగించే అవసరం లేదు. ఎంత తక్కువ జాయింట్లు ఉంటే అంత మంచిదని నా నమ్మకం. ప్లేటు ఒక్క స్క్రూ మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తిరగడం ఖాయం. ఆర్కా గాడి వెడల్పు దాదాపు 38 మిల్లీమీటర్లు, కానీ తయారీదారులందరి దగ్గరా అచ్చంగా ఒక్కటే ఉండదు. లీవర్‌తో మూసే క్లాంప్ ఒక ఫుట్‌కి బిగుతుగా పట్టి ఇంకోదానికి వదులుగా ఉండొచ్చు. మీ ట్రైపాడ్ హెడ్‌కి పెట్టి చూసుకోకుండా అడవిలోకి తీసుకెళ్లొద్దు. గాడికి రెండు చివర్లా చిన్న స్టాప్ స్క్రూలు ఉంటాయి, వాటిని తీసి పారేయకండి. క్లాంప్ వదులైనప్పుడు లెన్స్ జారి కింద పడకుండా ఆపేవి అవే.

ఫుట్ ఎత్తు దగ్గర మాత్రం ఏదో ఒకటి వదులుకోక తప్పదు. పొట్టి ఫుట్ అయితే లెన్స్ హెడ్‌కి దగ్గరగా కూర్చుంటుంది, ఊగడం తగ్గుతుంది, బ్యాగులోనూ తక్కువ చోటు పడుతుంది. కానీ చెయ్యి దూరదు. ఎక్కువగా గింబల్ మీద, అంటే బరువు లెన్స్‌ని అన్ని వైపులా తేలిగ్గా తిప్పనిచ్చే ట్రైపాడ్ హెడ్ మీద, ఒకే చోట కూర్చుని తీసేవాళ్లకి పొట్టిదే సరి. నేను రోజుకి ఏడెనిమిది కిలోమీటర్లు నడుస్తాను, ట్రైపాడ్ ఎప్పుడో గానీ తీసుకెళ్లను. కాబట్టి నాకు పొడుగుదే కావాలి. నడిచేటప్పుడు కాలర్‌ని, అంటే ఫుట్ బిగించి ఉండే లెన్స్ చుట్టూ రింగుని, తిప్పి ఫుట్‌ని పైకి తెచ్చి, సూట్‌కేసు పట్టుకున్నట్టు పట్టుకుంటాను. ఫోటో తీసేటప్పుడు కిందికి తిప్పి, ఎడమ అరచేతిలో ఫుట్‌ని ఆనించుకుంటాను.

బయల్దేరదాం, మిగతాది అక్కడ చెప్తాను.

వచ్చేశామండీ. వెలుగు ఇప్పుడిప్పుడే వస్తోంది. కొంచెం గొంతు తగ్గిస్తాను, అవతలి గట్టు మీద బాతులున్నాయి.

ఇదే దారిలో పోయిన ఏడాది జరిగిన సంగతి చెప్తాను. అప్పటికి ఇంకో ఫుట్ వాడేదాన్ని. నడుస్తుంటే పిడిలో సన్నగా 'టిక్' మన్నట్టు అనిపించింది. శబ్దం కాదు, వేళ్లకి తగిలిన చిన్న కదలిక. అక్కడే గడ్డి మీద కూర్చుని చూస్తే నాలుగు స్క్రూలలో రెండు పైకి లేచి ఉన్నాయి, మూడోది వేలితో తిరుగుతోంది. మొత్తం బరువు ఒక్క స్క్రూ మీద ఉంది. అప్పుడు మా వారి మొహం చూడాలి! కింద రాళ్లే, నీళ్లు కూడా దగ్గరే. ఆ రోజు లెన్స్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో కారు దాకా మోసుకొచ్చాం.

అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. ఫుట్ బిగించేటప్పుడు స్క్రూ మరలకి నీలం రంగు థ్రెడ్ లాకర్, అంటే స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు, ఒక చుక్క పెడతాను. ఎర్రది వద్దు, అది ఊడాలంటే వేడి చేయాలి. లెన్స్ దగ్గర ఆ పని చేయలేం. నీలంది మామూలు అలెన్ కీతో ఊడొస్తుంది. బిగించాక స్క్రూ తల మీద నుంచి ఫుట్ మీదికి తెల్ల పెయింట్‌తో సన్నటి గీత గీశాను, దగ్గరికి తీసుకొస్తాను చూడండి. స్క్రూ కాస్త తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. బయల్దేరే ముందు ఒక్క చూపు చాలు. కాలర్ తిప్పే మర, ఫుట్ ఊడదీసే మీట పక్కపక్కనే ఉన్న లెన్స్ అయితే ఇంకా జాగ్రత్త. చీకట్లో ఒకటనుకుని ఇంకోటి తిప్పే ప్రమాదం ఉంది.

బెల్టు విషయంలో ఒక్కటే మాట. బరువు లెన్స్‌కి బెల్టు లెన్స్‌కే తగిలించాలి. ఫుట్‌కి గానీ, పెద్ద లెన్స్‌లకి పక్కన ఉండే బెల్టు కడ్డీలకి గానీ. కెమెరాకి తగిలిస్తే మూడు కిలోలూ కెమెరా, లెన్స్ కలిసే మౌంట్ మీద వేలాడతాయి. మౌంట్ వెంటనే విరగకపోవచ్చు, కానీ రోజూ అంత బరువు వేలాడదీయడానికి కాదు కదా దాన్ని చేసింది. కెమెరాకి విడిగా ఒక చిన్న తాడు, అంతే. ఒకటి తెగినా రెండోది ఉంటుంది.

ఇక తొడుగు. నియోప్రీన్ అంటే 1930లో డ్యూపాంట్‌లో తయారైన కృత్రిమ రబ్బరు. ఈతగాళ్ల వెట్‌సూట్లు దాంతోనే కుడతారు. లోపల చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి కాబట్టి మెత్తగా ఉంటుంది, చలి చేతికి తగలనివ్వదు. మెగ్నీషియం గొట్టాన్ని ఈ చలిలో పట్టుకుంటే తెలుస్తుంది దాని విలువ. కారు తలుపుకి తగిలినా, కంచెకి రాసుకున్నా గీతలు పడవు, టంగుమనే శబ్దం రాదు. కింద పడితే మాత్రం కాపాడలేదు, ఆ భ్రమ వద్దు.

కొనేటప్పుడు లెన్స్ పేరుతో పాటు తరం కూడా చూసుకోండి. ఇందాక చెప్పిన కెనాన్ 600 రెండో తరం తొడుగు మూడో తరానికి సరిపోదు, స్విచ్‌లూ రింగులూ ఉండే చోటు మారిపోయింది. మంచి తొడుగు ఒకే గొట్టంలా ఉండదు. రింగులు తిరగడానికి వీలుగా ముక్కలుగా ఉంటుంది. స్విచ్‌ల మీద పారదర్శకమైన కిటికీ పెట్టిన రకాలున్నాయి. నాకవి నచ్చలేదు. కొన్నాళ్లకి మసకబారతాయి, గ్లవ్స్‌తో స్విచ్ ఎటుందో తెలియదు. స్విచ్‌ల దగ్గర ఖాళీ వదిలిన ముక్కే తీసుకున్నాను. కాలర్ చుట్టూ ముక్క వేసేటప్పుడు ఫుట్ ఊడదీస్తే సులువవుతుంది. కొత్తలో బిగుతుగానే ఉంటుంది, ఉండాలి కూడా. వదులుగా ఉంటే చేతికింద జారుతుంది. నాలుగు కిలోలు పట్టుకున్నప్పుడు అది చాలా ప్రమాదం.

రంగు గురించి నా అభిప్రాయం చెప్తాను. ఆకులూ బెరడూ అచ్చువేసిన డిజైన్లు చాలా ఉన్నాయి. పక్షుల్లో చాలా వాటికి మనకి కనిపించని అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. మన కంటికి పొదలో కలిసిపోయిన గుడ్డ వాటికీ అలాగే కనిపిస్తుందని అనుకోలేం. అవి ముందు పసిగట్టేది కదలికని. అందుకే డిజైన్ కోసం వెతక్కుండా మెరవని, ముదురు మట్టిరంగు తీసుకున్నాను. కాకపోతే దీనికీ ఒక ఇబ్బంది ఉంది. పెద్ద లెన్స్‌లకి తెల్ల రంగు వేసేది ఎండ వేడి లోపలికి ఎక్కకుండా ఉండాలని. వాటిలో వాడే ఫ్లోరైట్ స్ఫటికం మామూలు గాజు కన్నా వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది. దాని మీద ముదురు తొడుగు వేసి మండుటెండలో వదిలేస్తే ఆ తెల్ల రంగు పనికి అడ్డం పడినట్టే. ఎండాకాలం తీయడం లేనప్పుడు లెన్స్ మీద తెల్ల తువ్వాలు కప్పుతాను.

ఇంకో సంగతి, నియోప్రీన్ వాన కవర్ కాదు. కుట్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి దిగుతాయి, దిగిన నీళ్లు గంటల తరబడి గొట్టాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. తడిసి వచ్చిన రోజు ముక్కలన్నీ తీసి, విడివిడిగా ఆరబెట్టి, లెన్స్ తుడిచి, మర్నాడే వేస్తాను. సముద్రపు గాలిలో తిరిగొస్తే మంచినీళ్లతో ఉతకాల్సిందే. చెమ్మ పట్టిన లెన్స్‌ని అలాగే బ్యాగులో మూసేస్తే బూజు పడుతుంది, గాజు లోపలికి పాకితే ఇక వదలదు.

వానకి ఈ పల్చటి నైలాన్ కవర్ వేరే ఉంది. హుడ్‌తో సహా పొడవు కొలిచి తీసుకున్నాను, ఫుట్ బయటికి రావడానికి అడుగున జిప్పు ఉంది. వెల్క్రో ఉన్నవి నేను తీసుకోను. దాన్ని పీకిన 'చర్ర్' శబ్దానికి కొంగ లేచిపోవడం ఈ కళ్లతో చూశాను. తాడు లాగి బిగించేది నయం.

అదిగో, ఎండ వచ్చింది. గంటన్నర తర్వాత మళ్లీ కలుస్తాను.

సరే అండీ, అయింది. ఫోటోలు వచ్చే వీడియోలో పెడతాను. కారు ఇక్కడి నుంచి కిలోమీటరు దూరం, ఈసారి లెన్స్ మోస్తానని మా అమ్మాయి పట్టుబట్టింది. 14 ఏళ్లు, నాకన్నా చిన్న చేతులు, పైగా నాకన్నా మందపాటి గ్లవ్స్. "ముందు గీతలు చూడు నాన్నా. నాలుగూ తిన్నగా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా."

"కాలర్ బిగించావా? బెల్టు భుజానికి వేసుకో, తర్వాత ఫుట్ పట్టుకో. వేళ్లన్నీ లోపలికి వెళ్లాయా?"

"నాలుగూ వెళ్లాయి. మమ్మీ, ఇది అస్సలు ఒరగట్లేదు!"

చూస్తున్నారుగా, తనే ముందు నడుస్తోంది.