ముందు క్లాసు చూడండి, తర్వాతే బండి మీద చెయ్యి వెయ్యండి

(శ్రీకాకుళంలో కార్ల మోడిఫికేషన్ ఇష్టపడే యువత ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బయట పెట్టిన బళ్ళు చూసుకుంటూ లోపలికి వచ్చాను. కిందికి దించిన స్విఫ్టులు, పెద్ద సైలెన్సర్ పెట్టిన పోలోలు, రీమ్యాప్ చేయించిన (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించిన) టర్బో బళ్ళు... వాటి మీద మీకెంత ప్రేమో చూస్తేనే తెలుస్తోంది. మీలో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, ఈ బండితో తక్కువ ఖర్చులో ఏ రేసులో దిగొచ్చు?"

జవాబు సూటిగా చెప్పేస్తాను. మీరు చేసిన మార్పుల్లో అన్నిటికంటే పెద్దది ఏదో, అదే మీ క్లాసును, అంటే మీరు ఏ బళ్ళతో పోటీ పడాలో ఆ విభాగాన్ని, తేల్చేస్తుంది. మిగతా బండంతా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నా సరే, లెక్కలోకి రాదు.

టూరింగ్ కార్ల (రోడ్డు మీద తిరిగే కార్లనే రేసుకు మార్చినవి) రూల్స్ మామూలుగా రెండు విషయాల మీద నడుస్తాయి: ఇంజన్ ఎన్ని సీసీ, ఏయే మార్పులకు అనుమతి. కింది క్లాసుల్లో ఇంజన్ లోపల పెద్దగా ముట్టుకోనివ్వరు, పై క్లాసుల్లో స్వేచ్ఛ ఎక్కువ. ఇప్పుడు మీరు సరదా పడి ఇంజన్ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్కటి మార్చారనుకోండి, ఆ ఒక్కదానితో మీరు పై క్లాసులోకి వెళ్ళిపోవచ్చు. అక్కడ మీ పక్కన నిలబడే బండికి బరువు తగ్గించిన బాడీ, వేరే గేర్ రేషియోలు, రేసు సస్పెన్షన్ అన్నీ ఉంటాయి, మీ దగ్గర మాత్రం ఆ క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం, ఉన్న బళ్ళ వాళ్ళు ఇంకా జాగ్రత్తగా వినండి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ రూల్స్‌లో పెట్రోల్ టర్బో ఇంజన్ సీసీని 1.7తో గుణించే పద్ధతి చాలా ఏళ్ళుగా ఉంది. ఆ లెక్కన మీ 998 సీసీ బండి 1,697 సీసీ బండి కింద జమ. మీరు చిన్న ఇంజన్ అనుకుని వెళ్తారు, రేసు నిర్వాహకులు మిమ్మల్ని పెద్ద ఇంజన్ల పక్కన నిలబెడతారు.

అందుకే ఇంకా డబ్బు పెట్టకముందే ఆ ఏడాది రూల్స్ పుస్తకం తెచ్చుకుని చదవండి. మన దేశంలో ఈ ఆటకు పెద్ద దిక్కు ఎఫ్ఎంఎస్‌సీఐ, రేసు లైసెన్సు ఇచ్చేది కూడా వాళ్ళే. జాతీయ పోటీల్లో ఇండియన్ టూరింగ్ కార్స్, ఇండియన్ జూనియర్ టూరింగ్ కార్స్ లాంటి క్లాసులు నడుస్తూ వచ్చాయి, ఒకే రకం ఫార్ములా బళ్ళతో (ఒకే సీటుతో రేసు కోసమే చేసినవి) ఎల్‌జీబీ పేరుతో క్లాసులూ ఉన్నాయి. రూల్స్ ఏటా మారొచ్చు, పోయినేటి పుస్తకం చూసి స్పేర్లు కొనకండి.

మోడిఫై చేసిన బండితో కొత్తగా వచ్చేవాళ్ళకు నా ఓటు టైమ్ అటాక్‌కే. ఇందులో పోటీ గడియారంతో, ఎవరి ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక రౌండు) తక్కువ సమయంలో అయితే వాళ్ళు గెలిచినట్టు. బళ్ళను దూరం దూరంగా వదులుతారు కాబట్టి పక్కవాడు డోరుకు గుద్దేసే భయం తక్కువ, ఆదివారం రాత్రి బండి ముక్కలు ఏరుకోవాల్సిన పరిస్థితి రాకుండా ఉండే అవకాశం ఎక్కువ. ముందు అందులో ట్రాక్ నేర్చుకుని, మీ ల్యాప్ టైములు ఒకదానికొకటి దగ్గరగా రావడం మొదలయ్యాక పక్కపక్కన నడిపే రేసు గురించి ఆలోచించండి. అప్పుడు కూడా సొంత బండి కోసి రోల్ కేజ్ (బోల్తా పడితే నడిపేవాణ్ణి కాపాడే ఇనుప చట్రం) వెల్డింగ్ చేయించే ముందు, ఏదైనా టీమ్ దగ్గర సీటు అద్దెకు తీసుకుంటే ఎంతవుతుందో అడగండి. అందరికీ ఒకే బండి ఇచ్చే క్లాసంటే మన మోడిఫికేషన్ వాళ్ళకు చిన్నచూపు, కానీ నాకు గౌరవం. కోయంబత్తూరు కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజన్‌తో చవగ్గా ఫార్ములా బండి తయారుచేసి కుర్రాళ్ళ చేతికిచ్చారు. 2005లో ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ మొదట నడిపింది ఆ ఫార్ములా మారుతినే. 800 ఇంజనండీ!

ఇక ఖర్చు. మన జిల్లాల్లో ట్రాక్ లేదు. చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరివర్ధన్ గారి పేరు మీదే ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ 5 కిలోమీటర్లు దాటుతుంది, అందులో కిలోమీటరు పైచిలుకు స్ట్రెయిట్ ఉంది, చిన్న ఇంజన్‌కు అక్కడ కష్టం. ఇక్కడి నుంచి హైవే మీద చెన్నైకి సుమారు 900 కిలోమీటర్లు, రానూపోనూ 1,800. లీటరుకు 15 ఇచ్చే బండికి 120 లీటర్ల పెట్రోలు దారికే పోతుంది, ట్రాక్ మీద తాగేది వేరే. బండి అక్కడ ఆగిపోతే లారీ మీద తెచ్చుకోవాలి, ఆ డబ్బు పక్కన పెట్టుకోకుండా బయల్దేరొద్దు. అందుకే రోడ్డు మీద వెళ్ళి రోడ్డు మీదే తిరిగి రాగలిగేంత మామూలుగా ఉన్న బండే మనకు చవక.

ఇంజన్ శక్తి పెంచే ముందు బ్రేకులు చూసుకోండి, దయచేసి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులు గట్టిగా తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ నేలకు వెళ్ళిపోతుంది, బండి మాత్రం ఆగదు. కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు, బాగున్న టైర్లు. మొదటి డబ్బు వీటికే. రెండోది హెల్మెట్‌కు, అదీ కార్ రేసుకు పనికొచ్చేదే. బైకు హెల్మెట్ లోపలి గుడ్డ మంటకు తట్టుకోవాలన్న నియమం లేదు, కారు రేసు హెల్మెట్‌కు ఉంది.

ఇన్సూరెన్సు గురించి కూడా చెప్పాలి. ప్రైవేటు కారు పాలసీ కాగితం తీసి "ఉపయోగ పరిమితులు" అన్న చోట చదవండి, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వర్తించవని రాసి ఉంటుంది. ట్రాక్ మీద జరిగిన నష్టం మీదే. నెలవారీ కిస్తీ కడుతున్న బండి అయితే ఇంట్లో నాన్నకు చెప్పకుండా తీసుకెళ్ళకండి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నదానికి భిన్నంగా బండి మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ఆ దృష్టితో కూడా మార్పులు తక్కువున్న బండే నయం.

రాత్రిపూట కళింగపట్నం రోడ్డు మీద పందేలు పెట్టుకునే వాళ్ళు ఈ హాల్లోనే ఉండొచ్చు, మీతో కోపంగా కాదు, భయంతో మాట్లాడుతున్నా. ఆ రోడ్డు మీద అడ్డం వచ్చేది వల భుజాన వేసుకుని ఇంటికెళ్తున్న మనిషి. అదే చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారే మూడు నెలల దాకా జైలు పడొచ్చు, కానీ నా బాధ జైలు గురించి కాదు. ట్రాక్ మీద మలుపు దగ్గర జెండా పట్టుకున్న మార్షల్ ఉంటాడు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. మన రోడ్డు మీద అవేవీ ఉండవు.

నా మాట ఇంతే. టీ తాగాక బండి తెచ్చినవాళ్ళు బయటే ఉండండి. బానెట్లు ఎత్తి, ఎవరి బండికి ఏం మార్చారో కాగితం మీద రాసుకుందాం. రూల్స్ పుస్తకం నా దగ్గర ఉంది, ఎవరిది ఏ క్లాసులో పడుతుందో, ఏ పార్టు తిరిగి పాతది బిగిస్తే కింది క్లాసుకు దిగొచ్చో అక్కడే చూసుకుందాం.