గీజరు కొనే ముందు బకెట్లు లెక్కపెట్టండి

[దృశ్యం: తెల్లవారుజాము. బాత్రూంలో కొళాయి కింద బకెట్, అందులో థర్మామీటరు]

నమస్కారం. ఇది నెల్లూరు వేదాయపాళెంలో మా ఇల్లు. డిసెంబరు నెల, ఉదయం ఐదున్నర. ఈ నీళ్లు రాత్రంతా మిద్దె మీద ట్యాంకులో ఉన్నవి. ఒక చెంబు పోసుకుంటే ఒళ్లు జివ్వుమంటుంది. కానీ థర్మామీటరు చూడండి, 24 డిగ్రీలు. మనం హాయిగా స్నానం చేసే వేణ్నీళ్లు 40 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంటే ఇంత చలిలోనూ మనం పెంచుకోవాల్సిన వేడి 16 డిగ్రీలే.

ఈ 16ను గుర్తుపెట్టుకోండి. ఏ గీజరు కొనాలన్నా మన ప్రాంతానికి లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

"గీజరు పాతదైపోయింది, ఈసారి కరెంటు తక్కువ కాలేది పెట్టించుకోవాలి, ఏది మంచిది?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ముందు నేను వాళ్లను రెండు మాటలు అడుగుతాను. రోజుకు ఎన్ని బకెట్ల వేణ్నీళ్లు కావాలి? ఏ నెల నుంచి ఏ నెల దాకా కావాలి? ఆ రెండూ తెలియకుండా కొంటే ఎంత మంచి కంపెనీదైనా డబ్బు దండగే.

[తెర మీద: 20 లీటర్లు × 16 డిగ్రీలు × 1.16 = 371]

లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.16 వాట్-అవర్ల కరెంటు కావాలి. బకెట్ 20 లీటర్లు అనుకుంటే 16 డిగ్రీలకు 371 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లయితే ఒక యూనిట్. అంటే బకెట్ స్నానానికి సుమారు 0.37 యూనిట్. నలుగురికి రోజుకు ఒకటిన్నర యూనిట్, నెలకు 45 యూనిట్లు.

అదే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే? మామూలు షవర్‌లో నిమిషానికి 9 లీటర్లు పోతాయనుకుందాం. ఒక్కరికే 90 లీటర్లు. నలుగురికి రోజుకు దాదాపు 6.7 యూనిట్లు, నెలకు 200. ఇల్లూ అదే, మనుషులూ అదే, ఖర్చు మాత్రం నాలుగు రెట్లకు పైనే.

ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీసి శ్లాబులు చూడండి. 2022–23 నాటి టారిఫ్ ప్రకారం మన రాష్ట్రంలో ఇళ్లకు 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. మీద పడే మిగతా చార్జీలు వేరే. మీరు ఆదా చేసే యూనిట్ బిల్లులో పైశ్లాబు నుంచి తగ్గుతుంది కాబట్టి, మీ చివరి యూనిట్ ధర ఎంతో దాన్నిబట్టే లెక్క వేసుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలే వేణ్నీళ్లు వాడే బకెట్ కుటుంబానికి ఏడాదికి అయ్యేది 180 యూనిట్లు. యూనిట్ 6 చొప్పున 1,080 రూపాయలు. ఆ ఇంటికి వేలకు వేలు పోసి పెద్ద యంత్రం పెట్టించమని నేను ఎప్పటికీ చెప్పను. ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి.

[దృశ్యం: గోడకు చిన్న ఇన్‌స్టంట్ గీజరు. కింద బకెట్ నిండుతోంది, పక్కన గడియారం]

అలాంటి ఇంటికి 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు, అంటే అప్పటికప్పుడు నీళ్లు కాచి ఇచ్చేది, సరిపోతుంది. నీళ్లను 16 డిగ్రీలు పెంచుతూ ఇది నిమిషానికి రెండున్నర లీటర్లకు పైగా ఇస్తుంది. బకెట్ నిండటానికి ఏడెనిమిది నిమిషాలు. కొళాయి నీళ్లు బాగా చల్లగా ఉండే ఊళ్లలో, 30 డిగ్రీలు పెంచాల్సి వస్తే, ఇదే గీజరులో సన్నటి ధార తప్ప రాదు. అక్కడివాళ్లు పెద్ద ట్యాంకు గీజరు పెట్టుకోవడానికి కారణం ఉంది. మనకు ఆ కారణం లేదు. కావాల్సినప్పుడు వేసుకుని, అయిపోగానే ఆపేస్తాం. నిలవ ఉండి చల్లారిపోయే నీళ్లు దాదాపు ఉండవు.

నేను ఇది తెలుసుకునేసరికి ఆరేళ్లు పట్టింది. మేం ముగ్గురమే అయినా షాపులో చెప్పారని 25 లీటర్ల గీజరు తెచ్చుకున్నాం. పొద్దున స్విచ్ వేస్తే మధ్యాహ్నం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఆపాలి. చాలా రోజులు ఎవరూ ఆపలేదు. లోపల నీళ్లు చల్లారడం, మళ్లీ వేడెక్కడం, ఎవరూ స్నానం చేయకుండానే మీటరు తిరగడం.

గీజరు మీద బీఈఈ స్టార్లు, అంటే కరెంటు ఆదా చూసే కేంద్ర సంస్థ ఇచ్చే స్టార్లు, ఉంటాయి కదా, అవి చెప్పేది సరిగ్గా దీని గురించే. ట్యాంకులో నిలవ ఉన్న వేడి రోజు మొత్తంలో ఎంత బయటికి పోతుందో కొలిచి స్టార్లు ఇస్తారు. నీళ్లు కాచడానికి పట్టే కరెంటు 5 స్టార్‌లోనూ 2 స్టార్‌లోనూ దాదాపు ఒకటే. కాబట్టి స్నానానికి ముందు పావుగంట వేసి ఆపేసే ఇంట్లో స్టార్లతో వచ్చే తేడా కొద్దిగానే ఉంటుంది. పొద్దున ఒకరు, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఒకరు, మధ్యలో పసిబిడ్డకు ఒకసారి, ఇలా రోజంతా వాడే ఇంటికి మాత్రం 5 స్టార్ తప్పకుండా తీసుకోండి.

సైజు సంగతి కూడా చెప్పాలి. 15 లీటర్ల గీజరులో 60 డిగ్రీలకు కాగిన నీళ్లలో చల్లనీళ్లు కలుపుకుంటే, 40 డిగ్రీల నీళ్లు దాదాపు 34 లీటర్లు వస్తాయి. అంటే ఒకటిన్నర బకెట్‌కు పైనే. మనకు 15 లీటర్లు చిన్నదేమీ కాదు.

[దృశ్యం: పొదిలిలో పెంకుటిల్లు, పక్కన మిద్దె. గోడవారన పొగ పట్టిన నీళ్లపొయ్యి, దాని మీద రాగి కాగు]

ఇది పొదిలిలో మా పెద్దమ్మ వాళ్లిల్లు. ఏడుగురు మనుషులు. కట్టెలతో కాగులో నీళ్లు కాచే పని ఇన్నాళ్లూ పెద్దమ్మే చూసుకుంది. ఇప్పుడు పొగకు దగ్గు వస్తోందని మానేస్తానంటోంది.

పెద్దమ్మ: ఏం నాయనా, మిద్దె మీద సోలారు పెట్టిస్తే కరెంటు బిల్లే రాదంటగదా? గవర్నమెంటోళ్లు డబ్బులు కూడా ఇస్తారంట.

నేను: అది వేరే సోలారు పెద్దమ్మా. అది కరెంటు చేసే పలక. మనం పెట్టించాలనుకునేది నీళ్లు కాచేది.

ఈ పొరపాటు చాలామందికి జరుగుతోంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద వచ్చే సబ్సిడీ కరెంటు తయారుచేసే సోలార్ ప్యానెళ్లకు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయలు. సోలార్ వాటర్ హీటర్‌కు ఆ డబ్బు రాదు. వస్తుందని చెప్పి ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

ఇక వాటర్ హీటర్. మే నెలలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగి వస్తాయి కదా. ఎండ ట్యాంకును కాచింది. సోలార్ హీటర్ చేసేదీ అదే. కాకపోతే పట్టిన వేడిని తెల్లారేదాకా పోనివ్వదు. గాజు గొట్టాల రకంలో ఒక్కో గొట్టానికి రెండు పొరలు ఉంటాయి. వాటి మధ్య గాలి తీసేసి ఉంటుంది, టీ ఫ్లాస్కులో లాగా. వేడెక్కిన నీళ్లు తేలికై పైన ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లనీళ్లు కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. చల్లనీళ్ల ట్యాంకు మాత్రం సోలార్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. మన మిద్దెల మీద చాలాచోట్ల ఇక్కడే చిక్కొస్తుంది, ముందే కొలిపించుకోండి. గొట్టాలు దక్షిణం వైపు చూడాలి, పక్కింటి గోడ నీడ పడకూడదు.

పెద్దమ్మ ఇంట్లో రోజుకు 8 బకెట్లు, అంటే 160 లీటర్లు. షాపులో 200 లీటర్లది తీసుకోమన్నారట. మంచి ఎండ రోజున నీళ్లు 60 డిగ్రీలకు వస్తే, 100 లీటర్లలో చల్లనీళ్లు కలిపి 225 లీటర్ల స్నానపు నీళ్లు చేసుకోవచ్చు. వీళ్లకు 100 చాలు.

అయితే నెల్లూరు, పొదిలి వైపు మన ప్రాంతానికి ఒక ఇబ్బంది ఉంది. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వేణ్నీళ్లు కావాలనిపించే రోజుల్లోనే ఆకాశం మూసుకుపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ వారం మన మిద్దెల మీద సోలార్ నీళ్లు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. కాబట్టి సోలార్ పెట్టించినా, మబ్బు రోజులకు బాత్రూంలో చిన్న ఇన్‌స్టంట్ గీజరు ఉండాల్సిందే. తుపాను గాలికి స్టాండు లేచిపోకుండా స్లాబులోకి యాంకర్ బోల్టులు వేయించాలి, ఇటుకలు పేర్చి నిలబెడితే కుదరదు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తినేస్తుంది, స్టాండు పూత బాగా చూసుకోండి. కోతులు తిరిగే వీధి అయితే గొట్టాల మీద వల కట్టించండి.

[దృశ్యం: ఎలక్ట్రీషియన్ చేతిలో పాత గీజరు కాయిల్, దాని నిండా తెల్లటి పెంకు]

పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ల సంగతి చూడండి. ఇది వాళ్ల పాత గీజరు కాయిల్. దీని మీద కట్టిన ఈ తెల్లటి గార వల్ల వేడి నీళ్లలోకి సరిగా దిగదు, కాయిల్ తనే వేడెక్కి కాలిపోతుంది. నీళ్లు ఎంత ఎక్కువ కాగితే గార అంత త్వరగా కడుతుంది. అందుకే చిన్న ట్యాంకు గీజరును 50, 55 డిగ్రీల దగ్గర పెట్టుకుని, వారానికోసారి 60 పైకి పోనిచ్చి ఆ నీళ్లు వదిలేయండి. గోరువెచ్చగా రోజుల తరబడి నిలవున్న నీళ్లలో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే లీజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. పెద్ద ట్యాంకులను 60 దగ్గరే ఉంచాలి. కానీ 60 డిగ్రీల నీళ్లు పసిపిల్లల చర్మాన్ని కొన్ని సెకన్లలోనే కాలుస్తాయి. బకెట్‌లో ముందు చల్లనీళ్లు పట్టండి, తరవాత వేడివి.

ట్యాంకు లోపల ఆనోడ్ కడ్డీ అని ఒకటి ఉంటుంది. ట్యాంకుకు బదులు అది అరిగిపోతుంది. ఉప్పు నీళ్ల ఊళ్లలో ఏడాదికోసారి విప్పించి చూడాలి. సోలార్‌లో రాగి గొట్టాల పలక రకం తీసుకుంటే ఆ సన్న గొట్టాలు గారతో మూసుకుపోతాయి. బోరు నీళ్లు ఆ గొట్టాల్లోకి పోకుండా వేడిని మాత్రమే అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్నది అడగండి, లేదా గాజు గొట్టాలది తీసుకుని అప్పుడప్పుడూ కడిగించండి.

[దృశ్యం: నెల్లూరులో ఒక మిద్దె. ఏసీ బయటి పెట్టె లాంటి యంత్రం, పక్కన నిలువు ట్యాంకు]

హీట్ పంప్ మన తీరానికి బాగా నప్పే యంత్రం. ఏసీ గదిలోని వేడిని బయటికి తోస్తుంది కదా. ఇది బయటి గాలిలోని వేడిని పట్టి నీళ్లలోకి తోస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత సులువుగా పనిచేస్తుంది. మన గాలి వెచ్చదనం గురించి మీకు చెప్పక్కర్లేదు. మబ్బైనా రాత్రయినా దానికి ఒకటే.

ధర మాత్రం ఇన్‌స్టంట్ గీజరుకు ఎన్నో రెట్లు. షవర్ కుటుంబం ఆరు నెలలు వాడితే 1,200 యూనిట్లు అవుతాయి. హీట్ పంప్‌తో 800 మిగులుతాయి, 8.75 చొప్పున ఏడాదికి 7,000 రూపాయలు. అలాంటి ఇంటికి, హాస్టళ్లకు, లాడ్జీలకు, ఆస్పత్రులకు ఇది నిజంగా మేలు. బకెట్ కుటుంబానికి పెట్టిన డబ్బు తిరిగి రాదు.

మిద్దె మీద ట్యాంకు నుంచి కింది బాత్రూం దాకా ముప్పావు అంగుళం పైపు 15 మీటర్లు ఉంటే, పైపులోనే 4 లీటర్ల దాకా చల్లనీళ్లు నిలబడి ఉంటాయి. అవి మోరీలోకి వదలకుండా బకెట్‌లో పట్టుకోండి. పైపు సీపీవీసీ, అంటే వేణ్నీళ్లు తట్టుకునే ప్లాస్టిక్‌ది, అయి ఉండాలి, మీద తొడుగు వేయించాలి.

చివరిగా ప్రాణాల సంగతి. బకెట్‌లో వేసే రాడ్‌తో ఎంతో జాగ్రత్త. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోవాలి. గ్యాస్ గీజరును బాత్రూం లోపల పెట్టనే కూడదు. తలుపు మూసి స్నానం చేస్తుంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిండి, మనిషి తెలియకుండానే పడిపోతాడు. 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, విడిగా వైరు, లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి.

[దృశ్యం: పెద్దమ్మ ఇంటి వెనక. ఎలక్ట్రీషియన్ నేల చూస్తున్నాడు]

పెద్దమ్మ ఇంటికి ఖాయం చేసింది ఇది: మిద్దె మీద 100 లీటర్ల గాజు గొట్టాల సోలార్, మబ్బు రోజులకు ఒక ఇన్‌స్టంట్ గీజరు. కానీ ఈ పాత ఇంటికి ఎర్త్ లేదని ఇప్పుడే తేలింది. అందుకని సామాను కొనడం వారం వెనక్కి జరిపాం. ముందు ఇక్కడ గుంట తవ్వి ఎర్తింగ్ వేయిస్తున్నాం.