నక్షలో ఉన్న బాట

శ్రోతలందరికీ నమస్కారం.

పొద్దున ఐదున్నరకు మన పట్టణాల్లో ఏ కాలేజీ గ్రౌండ్‌కైనా వెళ్లి చూడండి. చీకటి పూర్తిగా విడవకముందే మనుషులు గుండ్రంగా తిరుగుతుంటారు. షుగర్ వచ్చినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, డాక్టరు గట్టిగా చెప్పాక బయల్దేరినవాళ్లు. నల్లగొండలో నేనూ మూడేళ్లు అలాగే తిరిగాను. పది రౌండ్లు లెక్కపెట్టుకొని ఇంటికొచ్చేదాన్ని. ఒంటికి మంచే జరిగింది, కాదనను. కానీ ఆ మూడేళ్లలో గ్రౌండ్ గోడ అవతల ఏ పంట వేశారో, ఏ చెట్టు పూసిందో నాకు తెలియదు.

నాతో పనిచేసే ఒకామె ఒకరోజు అంది: "అక్కా, ఆదివారం మేం కొంతమందిమి చెలకల మీదుగా నడుస్తాం. నువ్వూ రారాదు?"

వెంటనే సరే అనలేదు. కుక్కలు, పాములు, యాభై దాటిన ఆడమనిషి పొలాల వెంట తిరిగితే ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకు. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఇంకొకటి. వాళ్లు గబగబా నడిచిపోతే నేను వెనకబడతాను, నా వల్ల అందరూ ఆగాలి. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, వింటున్నవాళ్లలో చాలామందికి ఇదే భయం ఉంటుందని నాకు తెలుసు. దానికి ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. "మా దాంట్లో అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లదే అందరి నడక అక్కా."

ఆ ఆదివారం పానగల్ వెళ్లాం. నల్లగొండ పక్కనే. వెయ్యేళ్ల కిందట అటూ ఇటుగా కందూరు చోడులు రాజధాని చేసుకొని ఏలిన ఊరు. ఉదయ చోడుడి పేరు మీద వెలిసిన చెరువే ఉదయ సముద్రం. ఇప్పుడు అందులోకి కాలువల ద్వారా కృష్ణ నీళ్లు వస్తున్నాయి. బస్సు కిటికీలోంచి వందసార్లు చూసిన చెరువే. కట్ట మీద నడిచినప్పుడు మాత్రం వేరే చెరువులా ఉంది. ఒకవైపు నీళ్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. రెండోవైపు, కట్ట కింద, పచ్చగా వరి. ఆ నీళ్లు లేకపోతే ఈ పచ్చదనం లేదన్న సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, మెడ అటూ ఇటూ తిప్పితే చాలు.

అక్కణ్నుంచి పొలాల మధ్యగా ఛాయా సోమేశ్వరాలయానికి. మూడు గర్భగుళ్లకు కలిపి ఒకే మండపం ఉన్న గుడి అది. ఒక గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, పొద్దంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు, నీడ మాత్రం కదలదు. మాతో వచ్చిన ఫిజిక్సు సారు అక్కడే నిలబడి వివరించారు. అది నేరుగా ఎండ పడి వచ్చిన నీడ కాదట. బయట చెదిరిన వెలుగు స్తంభాల సందుల్లోంచి లోపలికి వచ్చి వేసే నీడ. అందుకే సూర్యుడితో పాటు జరగదు. ఇంతకుముందు రెండుసార్లు కారులో వెళ్లి దండం పెట్టుకొని వచ్చేశాను గానీ, కాసేపు నిలబడి చూడాలని అప్పుడు తోచలేదు. నడిచి వెళ్లినవాడికి తొందర ఉండదు.

తిరిగి వస్తుంటే మోటారు దగ్గర ఒక రైతు మమ్మల్ని ఆపాడు.

"ఏందమ్మా, గింతమంది వచ్చిండ్రు? ప్లాట్లు చేస్తాందుకా?"

మేం ఇరవై మందిమి. టోపీలు, నీళ్ల సీసాలు, పట్నం బట్టలు. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మన జిల్లాల్లో రోడ్డుకు దగ్గరగా ఉన్న చెలకలోకి కొత్తమనుషులు వచ్చారంటే వెనకాల సర్వే రాళ్లు వస్తాయని రైతుకు అనుభవం. మాలో పెద్దాయన, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ముందుకెళ్లి చెప్పాడు. "లేదు పటేలా, ఊకెనే నడుస్తున్నం. నీ గెట్టు తొక్కం, బాట మీదనే పోతం." రైతు కాసేపు మా మొహాలు చూశాడు. "బాట మీద పోతే నాకేంది, అది నక్ష బాటనే గద," అన్నాడు.

నక్ష బాట. ఆ మాట ఉద్యోగంలో కాగితాల మీద చాలాసార్లు చూశాను. కాలి కింద ఉండగా వినడం అదే మొదలు.

ప్రతి రెవెన్యూ గ్రామానికీ నక్ష, అంటే సర్వే పటం, ఉంటుందని మీకు తెలుసు. అందులో సర్వే నంబర్లు, చెరువు శిఖాలు (చెరువు నీళ్లు నిలిచే నేల), వాగులు, బావులతో పాటు బండ్ల బాటలూ కాలిబాటలూ గీసి ఉంటాయి. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి చెరువుకు, గుట్ట కింద పశువులు మేసే బంచరాయికి. ఎద్దుల బండ్లు తిరిగినన్నాళ్లు ఆ బాటలకు ఎవరి కాపలా అవసరం లేకపోయింది. బండ్లు పోయాయి. బైకులు తారు రోడ్డు పట్టాయి. మనిషి తిరగని బాటలో మొదట పల్లేరు మొలుస్తుంది, తర్వాత సర్కారు తుమ్మ. ఆ తర్వాత ఒక ఏడాది దున్నేటప్పుడు పక్క చేను నాగలి ఒక సాలు ఇటు జరుగుతుంది, మరుసటి ఏడాది ఇంకో సాలు. బాట నక్షలోనే మిగులుతుంది. లోపలి రైతు తన చేనుకు పోవడానికి దారి లేక ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

ఇంగ్లాండులో ఈ సంగతిని ఎంత గట్టిగా పట్టుకున్నారో చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. అక్కడ 1932లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి వందల మంది కార్మికులు, కుర్రవాళ్లు కలిసి నడిచారు. జమీందారుల వేటకోసం మూసి ఉంచిన కొండ అది. కొందరిని జైలుకు కూడా పంపారు. 1935లో నడిచేవాళ్ల సంఘాలు చాలావరకు కలిసి ఒక పెద్ద సంఘమయ్యాయి. 1949లో చట్టం వచ్చింది, ఊరూరా ప్రజలకు హక్కున్న కాలిబాటలను పటంలో ఎక్కించాలని. ఆ బాట ఒకరి పొలంలోంచి పోయినా సరే, ఎవరైనా నడవొచ్చు. ఆదివారం నడక సంఘాలు ఆ బాటల వెంట తిరుగుతూ ఎక్కడ మూసుకుపోయిందో చూసి చెప్తుంటాయి. మనకు పటం ముందే ఉంది. కావలసింది దాని మీద నడిచే కాళ్లు.

మా గుంపుకు పేరు లేదు, అధ్యక్షుడు లేడు, చందా లేదు. మీ ఊళ్లో ఇలాంటిది ఉందేమో గ్రౌండులో నడిచేవాళ్లను అడగండి. లేకపోతే నలుగురు చాలు. ముందు బాట తెలిసినవాళ్లు ఒకరు, అందరికీ వెనక ఒకరు. ఆ వెనకమనిషిని దాటి ఎవరూ వెనకబడకూడదు, అంతే. మొదట మూడు నాలుగు కిలోమీటర్లు నడవండి. కాళ్లు మూసే బూట్లు వేసుకోండి, చెప్పుల్లోంచి తుమ్మ ముల్లు దిగితే ఆ రోజు నడక అక్కడితో సరి. ఆడవాళ్లు వెనకాడొద్దు, మా ఇరవై మందిలో పదకొండు మందిమి మేమే.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. అడవిపందుల కోసం కొన్నిచోట్ల చేన్ల చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. అది చట్టవిరుద్ధం. దానికి తగిలి మనుషుల ప్రాణాలు పోయాయి. అందుకే బాగా వెలుతురు వచ్చేదాకా చేనులోకి అడుగు పెట్టకండి. పత్తికి మందు కొట్టిన రోజు ఆ పక్కకు వెళ్లకండి. గొర్రెల మంద ఎదురైతే పక్కకు నిలబడి కాపరిని పలకరించండి, కుక్కలను ఆయనే చూసుకుంటాడు. దసరా నుంచి మాఘం దాకా మన వైపు నడకకు మంచి కాలం. తంగేడు, గునుగు పూసినప్పుడు మొదలుపెడితే గుట్టల మీద సీతాఫలం, తర్వాత రేగుపండ్లు, చివర్లో మోదుగు పూలు. ఎండలు ముదిరాక మేం కూడా మానేస్తాం.

ఇంకొకటి నీళ్లు. బోరు కనిపించిందని తాగొద్దు, ఇంటి నుంచి తెచ్చుకోండి. ఈ మాట నల్లగొండ మనిషి ఊరికే చెప్పదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన దగ్గర చాలా ఊళ్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే పెట్టింది. అంత బాధపడిన నేల ఇది.

మా మేనత్తది మర్రిగూడ వైపు ఊరు. ఆ ఫ్లోరైడ్ నీళ్లకు ఆమె కాళ్లు నలభై ఏళ్లకే వంగిపోయాయి. ఇప్పుడు గోడ పట్టుకొని గడప దాకా వస్తుంది. నేను ఆదివారాలు నడకకు పోతున్నానని ఆమెకు చెప్పడానికి చాలా రోజులు మనసొప్పలేదు. కిందటేడు మా గుంపు వాళ్ల ఊరి మీదుగా నడిచింది కాబట్టి చెప్పక తప్పలేదు. బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమె మంచం మీద ముందుకు జరిగి కూర్చుంది.

"ఏ బాటన వోయిండ్రు బిడ్డా? మత్తడి దాటినంక పెద్ద బండ ఉంటది, ఉన్నదా?"

ఉంది అన్నాను.

"దాని పక్కపొంటి మోటబాయి?"

పూడిపోయింది, గట్టు కనిపిస్తుంది అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆ తర్వాత అరగంట సేపు నేను నడిచిన నాలుగు కిలోమీటర్లూ ఆమే నన్ను నడిపించింది. ఏ చేను ఎవరిది, ఎక్కడ కూలికి పోయేవాళ్లు సద్ది తినేవాళ్లు, ఏ చింత కింద తనకు మొదటిసారి పురిటి నొప్పులు వచ్చాయి. అప్పటి నుంచి మాలో ఎవరో ఒకరు ప్రతి నడక తర్వాత ఆమె దగ్గరికి వెళ్తాం. ఆమె చెప్పే పేర్లన్నీ ఫిజిక్సు సారు ఒక నక్ష కాగితం మీద పెన్సిలుతో రాస్తున్నారు.

మొన్న ఆమె అడిగింది. "చింతలతోపు కాడ బాట రెండైతది గదా. గుట్ట దిక్కు పోయే దాంట్ల పోయిండ్రా?"

మాకు అక్కడ ఒక్క బాటే కనిపించింది. ఇంటికొచ్చి నక్ష తీసి చూశాం. రెండో బాట చుక్కల గీతగా స్పష్టంగా ఉంది.

వచ్చే ఆదివారం దాన్ని వెతకడానికి వెళ్తున్నాం. కత్తులు, కొడవళ్లు ఊళ్లోవాళ్లే తెస్తామన్నారు.

నమస్కారం.