మన పెద్దవాళ్ళ 'రంగం' ఇదే: యాంగోన్ నడిబొడ్డున నడక

నమస్కారం! నా వెనక మెరుస్తున్న ఆ బంగారు గోపురం సులే పగోడా. మయన్మార్‌లోని యాంగోన్ నగరం మధ్యలో ఉన్నాను. 1850లలో ఊరిని పట్టుకున్న బ్రిటిష్ వాళ్ళు ఈ పగోడా చుట్టూ స్కేలు పెట్టి గీసినట్టు వీధులు వేశారు. చాలా వీధులకు పేర్లు లేవు, అంకెలే. దారి తప్పడం కష్టం. నేను తప్పాను, అది వేరే సంగతి.

మన కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్ళు 'రంగం వెళ్ళాడు' అనేవారు కదా, ఆ రంగం ఇదే. ఒకప్పుడు ఈ రేవులో బస్తాలు మోసిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కోరంగి రేవు పేరుమీద వాళ్ళను 'కోరంగీలు' అనేవారు.

ఇప్పుడు పన్సొడాన్ వీధికి వచ్చాం. ఈ మూల మీద ఉన్నది 1906 నాటి సోఫేర్ భవనం. కెమెరా కాస్త కిందికి దించుతాను, నేల చూడండి. ఈ పలకలు మాంచెస్టర్ నుంచి ఓడలో వచ్చాయి. ఇక పైకి చూడండి: గోడ పగులులోంచి రావి మొక్క, దాని కొమ్మకు ఎవరో ఆరేసిన లుంగీ! 2005లో రాజధాని నేపిడాకు తరలడం మొదలయ్యాక ఇక్కడి ప్రభుత్వ భవనాలు చాలా ఖాళీ అయ్యాయి. రంగు వేసి మెరిపించిన వాటికన్నా నాకు ఇలాంటివే నచ్చాయి. భవనాలకు పదికి తొమ్మిది. కాలిబాటకు సున్నా. పలకలు ఊగుతాయి, కింద మురుగుకాలువ.

బోజో మార్కెట్ 1926లో కట్టింది, అప్పట్లో స్కాట్ మార్కెట్. స్వాతంత్ర్యం వచ్చాక, దాని కోసం పోరాడిన నాయకుడు 'బోజో' (అంటే జనరల్) ఆంగ్ సాన్ పేరు పెట్టారు. జేడ్ అనే ఆకుపచ్చ రాయి, లక్క సామాను, లుంగీలు దొరుకుతాయి. రాళ్ళ గురించి తెలియకపోతే చూసి వచ్చేయండి. సోమవారం సెలవు, మొదటిసారి నేను చూసింది మూసిన తలుపులే.

దినుసుల వాసన కావాలంటే తెయింజీ మార్కెట్‌కు వెళ్ళండి. ఆ దగ్గర్లోనే సమోసా సలాడ్ తిన్నాను. వేడి సమోసాలను కత్తెరతో ముక్కలు చేసి, క్యాబేజీ, పుదీనా వేసి, పైన పప్పు పులుసు పోశారు. సమోసాను పులుసులో ముంచడమా అని మొహం చిట్లించాను. రెండో గిన్నె కూడా తెప్పించుకున్నాను.

అదిగో, ఆ మేడ మీది నుంచి వేలాడుతున్న తాడు చూశారా? చివర క్లిప్పు ఉంది. పేపరబ్బాయి దానికి పేపరు తగిలించి తాడు లాగుతాడు, పైన గంట మోగుతుంది. ఆగండి, పైకి లాగుతున్నారు!